రేకుల గోడా, చెవులక్కా

ఊరి చివరి వంతెన దిగాక విమానాశ్రయం దాకా రోడ్డు తిన్నగా, విసుగు పుట్టేంత తిన్నగా ఉంటుంది. ఉదయం ఏడు గంటలకి, సన్నటి తుంపరలో, మోపెడ్ మీద సగం దారి వచ్చిన చెవులక్కకి రోడ్డు పక్కన ఆవిర్లు కక్కుతున్న టాక్సీ ఒకటి కనిపించింది. దాని పక్కన ఇస్త్రీ నలగకుండా గొడుగు కింద ఒదిగి నిలబడ్డ మనిషి చెయ్యెత్తాడు. భుజాల మీద నాలుగేసి పసుపు గీతలు. విమానం నడిపేవాడే.

“అమ్మా, ఎయిర్‌పోర్టు వైపేనా? ఎనిమిదింటికి నేనక్కడ లేకపోతే విమానం కదలదు.”

“అయితే గొడుగు మూసి ఎక్కండి. ఈ బండికి గొడుగు పట్టారంటే ఇదీ ఎగురుతుంది.”

అతను నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. బండి ఒక్క మూలుగు మూలిగి కదిలింది.

“అక్కడేం చేస్తారమ్మా మీరు?”

“గడ్డి కోయిస్తాను.”

అది అబద్ధం కాదు. ఆమె పనిలో గడ్డి కోయించడం కూడా ఒక భాగమే. మిగతా భాగం చెప్పి ఉంటే అతను నోరు విప్పేవాడు కాదేమో. దారిలో కలిసిన ముక్కూ మొహం తెలియని మనిషితో చెప్పుకునే నిజాలు వేరు, ఫిర్యాదు పుస్తకంలో రాసే నిజాలు వేరు. పాత యాత్రాకథలు తిరగేస్తే రాజుల కొలువుల్లో దొరకని కబుర్లన్నీ సత్రాల అరుగుల మీద దొరకడానికి కారణం ఇదే.

“గడ్డి బాగానే ఉంటోంది గానీ, మీ ఊరి గ్లైడ్ పాత్‌కి నిన్న సాయంత్రం తిక్క రేగింది. దిగుతూంటే ముల్లు ఎగిరెగిరి పడింది, బండి చక్రం రాయెక్కినట్టు.”

“ఎంత ఎత్తులో?”

గడ్డి కోయించే మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. అతను గమనించలేదు.

“ఐదు వందల అడుగుల దగ్గరొకసారి. మళ్ళీ మూడు వందల దగ్గర.”

“పైకా, కిందికా?”

“పైకి లేచి, కిందికి కుంగింది. మబ్బులో ఉండుంటే దానివెంట నేనూ కుంగేవాణ్ణి. రన్‌వే కళ్ళకి కనబడుతోంది కాబట్టి పట్టించుకోలేదు.”

“రాసిచ్చారా?”

“రెండు క్షణాల ముచ్చటకి రాతకోతలెందుకమ్మా?”

చెవులక్క బండి ఆపేసింది. చుట్టూ చెట్టూ పుట్టా లేవు. రోడ్డు, వాన, అంతే.

“దిగండి.”

“అదేంటి?”

“రాసిస్తే ఎక్కిస్తాను. లేదంటే ఇక్కణ్ణించి నడిచొచ్చే లోపు ఎనిమిది దాటుతుంది. మీ ఇష్టం.”

ఆమె రెయిన్‌కోటు బొత్తాం విప్పి, లోపల వేలాడుతున్న గుర్తింపు కార్డు చూపించింది. అతను చదివి తల గోక్కున్నాడు. తర్వాత మోపెడ్ సీటు మీద కాగితం పెట్టి, ఆమె పట్టిన గొడుగు కింద వంగి, తేదీతో సహా బుద్ధిగా రాసిచ్చాడు.

ఆమెకి ఆ పేరెలా వచ్చిందో ఇక్కడ చెప్పుకోవాలి. తండ్రికి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది, మనిషి అడ్డంగా తిరిగితే గోడలు తగిలేంత కొట్టు. బడి వదలగానే కూతురు అక్కడికే వచ్చేది. ఆయన పాడైన రేడియో ఒకటి ముందు పెట్టి, “కళ్ళు మూసుకో. జబ్బు ఎక్కడుందో చెప్పు,” అనేవాడు. గరగర ఒకటి, బరబర ఒకటి, కూనిరాగంలా సాగే హోరు ఒకటి. ఏ చప్పుడు ఏ భాగం ఏడుపో పదేళ్ళ పిల్ల పోల్చేసేది. విప్పి చూస్తే నూటికి తొంభైసార్లు అక్కడే జబ్బు. తక్కిన పదిసార్లు ఆయన, “నీ చెవి తప్పు కాదే, ఈ రేడియోకి రెండు జబ్బులు,” అని వెనకేసుకొచ్చేవాడు.

చదువయ్యాక విమానాశ్రయంలో ఉద్యోగం దొరికింది. అక్కడి రేడియో స్తంభాలు దూరాన ఉన్న విమానాలకి తమ పేరును తంతి భాషలో, చుక్కలుగా గీతలుగా కూస్తూ ఉంటాయి. ఆ కూతని పరికరం చూసుకుంటుంది, మనిషి వినక్కర్లేదు. ఈమె మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పొద్దున రాగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటుంది. ఒకసారి కూత కొంచెం బొంగురుపోయిందని పట్టుబట్టి విప్పించింది. లోపల చీమలు కాపురం పెట్టి ఉన్నాయి. ఆ రోజు నుంచి కంట్రోల్ టవర్‌లో వాళ్ళకీ, గేటు దగ్గర కాపలా వాళ్ళకీ ఆమె చెవులక్క.

ఈ గ్లైడ్ పాత్ సంగతి కూడా విప్పి చెప్పాలి, లేకపోతే కథ నడవదు. రన్‌వే పక్కన పొడుగాటి స్తంభం ఒకటి, దాని పాదాల దగ్గర ఒక గది ఉంటాయి. ఆ స్తంభం ఆకాశంలోకి వాలుగా ఓ కనిపించని దారి వేస్తుంది. దారికి పైన ఒక శ్రుతి, కింద ఇంకో శ్రుతి. రెండూ సమంగా వినబడితే విమానంలో ముల్లు మధ్యలో నిలుస్తుంది, మబ్బులో కళ్ళు కనబడకపోయినా విమానం ఆ వాలు పట్టుకుని దిగుతుంది. అయితే ఆ దారిని స్తంభం ఒక్కటే వేయదు. సగం తరంగాలు తిన్నగా వెళితే, సగం ముందున్న నేలకి తగిలి లేస్తాయి. ఆ రెండూ కలిస్తేనే దారి. అందుకే అక్కడ గడ్డి పెరగకూడదు, లారీ నిలబడకూడదు, మట్టి కుప్ప పొయ్యకూడదు. “నేల కూడా నా పరికరమే,” అంటుంది చెవులక్క. గడ్డి కోసేవాళ్ళు మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత వాళ్ళే చెప్పులు విడిచి అందులోకి దిగేవారు, అంత మర్యాద అక్కర్లేదని ఆమె మొత్తుకున్నా సరే.

అత్తగారి కంటి ఆపరేషన్ కోసం ఆమె అంతకు ముందు మూడు రోజులు సెలవు పెట్టి ఊళ్ళో ఆసుపత్రిలోనే ఉంది, ఈ పొద్దున వచ్చిందీ అక్కణ్ణించే. ఇప్పుడు పైలట్‌ని గేటు దగ్గర దింపేసి తిన్నగా గదికి వెళ్ళింది. లోపల ఆమె సహాయకుడు, యాభై దాటిన నెమ్మదస్తుడు, టీ కప్పుతో కూర్చుని ఉన్నాడు. పెట్టె మీద దీపం పచ్చగా, అమాయకంగా వెలుగుతోంది.

“అంతా బావుందక్కా. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఎర్రబడలేదు.”

చెవులక్క వెనక్కి తిరిగి గుమ్మంలోంచి బయటికి చూసింది. విమానాలు దిగివచ్చే వైపు, కంచె పొడుగునా, మూడు నిలువుల ఎత్తున రేకుల గోడ. దాని మీద పచ్చని పొలాలు, నీలి కొండలు, ఓ మూల తెల్ల కొంగలు. రంగు ఇంకా ఆరలేదు, వానకి ఒక కొంగ కారిపోతోంది.

“అదేంటి?”

“రేపు పెద్దాయన వస్తున్నాడు కదక్కా, కొత్త టెర్మినల్ తెరవడానికి. దిగేటప్పుడు కిటికీలోంచి ఆ వెనక ఉన్న పాత సామాను కుప్పలూ, కూలీల గుడిసెలూ కనబడకూడదని డైరెక్టర్ గారు…”

“నువ్వు ఒప్పుకున్నావా?”

“నన్నడక్కుండా ఏం చెయ్యలేదక్కా ఆయన! పది రేకులు పెట్టి ఫోన్ చేశాడు, దీపం పచ్చగానే ఉందా అని. ఉందన్నాను. ఇంకో పది పెట్టి మళ్ళీ చేశాడు. పచ్చే అన్నాను. అలా మూడు రోజులు…”

అతను టీ కప్పు కింద పెట్టాడు. ఎక్కడ తప్పు జరిగిందో చెబుతూండగానే తెలిసొచ్చింది. ఆ దీపం స్తంభానికి కూతవేటు దూరంలో పాతిన ఒక చిన్న కాపలా ఏంటెనా చెప్పే మాట వింటుంది. స్తంభం గొంతు బావుందా లేదా, అంతే దానికి తెలుసు. కాపలాని దాటాక అవతల రేకుల గోడకి తగిలి తరంగాలు చెదిరితే దానికేం తెలుస్తుంది? గుమ్మంలో కూర్చున్నవాణ్ణి వీధి చివర గొడవేమిటని అడిగినట్టు, మూడు రోజులూ ఆ దీపాన్ని అడిగారు. తెలియని వాళ్ళయితే రేకులు పెట్టేముందు భయపడి ఉండేవారు. తెలిసీ తెలియని వాళ్ళు కాబట్టి ఫోన్ చేసి మరీ పెట్టారు.

చెవులక్క స్విచ్ కట్టేసింది. పచ్చదీపం ఆరిపోయింది. లాగ్ పుస్తకంలో సమయం వేసి, వాడకం నుంచి తప్పించడమైనది అని రాసి, సంతకం పెట్టి, పైలట్ కాగితం అంటించింది. టవర్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఇక ఆ పుస్తకంలో మళ్ళీ ఒక సంతకం పడేదాకా ఏ విమానమూ దాన్ని నమ్మడానికి లేదు. అదీ పద్ధతి.

పూర్వం కొన్ని తీరాల్లో దొంగలు రాళ్ళ మీద దీపం పెట్టి ఓడల్ని రప్పించుకునేవారని కథలున్నాయి. నిజమో కల్పనో గానీ అందులో ఒక మాటుంది. దీపమే లేకపోతే నావికుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. కానిచోట దీపం ఉంటే నిశ్చింతగా వచ్చి మునుగుతాడు.

గంట తిరక్కుండా డైరెక్టర్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. మూడు రోజులుగా నిద్రలేక, ఎవరెవరో ఫోన్లో తిడుతూంటే విని విని చెవులు ఎర్రబడిపోయిన మనిషి.

“ఏంటి మేడమ్ ఇది? రేపు పెద్ద విమానం వస్తూంటే ఈ పూట మూసేస్తారా?”

“అబద్ధం చెబుతోంది సార్. నోరు మూయించాను.”

“దీపం పచ్చగా ఉందిగా!”

“విమానం నడిపేది దీపం కాదు.”

“ఎవడో ఒక్క పైలట్ ఏదో అన్నాడని…”

“ఒక్కడు రాశాడు. మిగతావాళ్ళు రాయలేదు, అంతే.”

డైరెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు మార్చాడు.

“చూడండమ్మా. రేపు మబ్బు కిందికి ఉంటుందట. గ్లైడ్ పాత్ లేకపోతే ఆ విమానం పక్క ఊరికి పోతుంది. రేపు మధ్యాహ్నం దాకా, ఒక్క పూట. మీరో సంతకం పెట్టండి.”

“రేకులు మధ్యాహ్నం దాకా తీసెయ్యండి. నేను ఇప్పుడే పెడతాను.”

“ఆ గోడ వెనక ఏముందో తెలుసా మీకు?”

“తెలుసు సార్. మీ కొత్త టెర్మినల్ కట్టినవాళ్ళున్నారు.”

డైరెక్టర్ మొహం మాడ్చుకుని లేచాడు. “ఎనిమిది నెలల్లో రిటైర్ అవుతారు. ఆ ఎనిమిది నెలలూ స్టోర్స్‌లో గడుపుతారా? ఆలోచించుకోండి. రేపు తొమ్మిదింటికి వస్తాను.”

స్టోర్స్ అంటే మరో ఊరేం కాదు. రన్‌వే రెండో చివర తుప్పు వాసన వేసే షెడ్డు. అక్కడ కిటికీలు లేవు, హెడ్‌ఫోన్ లేదు, వినడానికి ఏమీ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెవులతో బతికిన మనిషిని అందులో పెట్టడం ఎలాంటిదో డైరెక్టర్‌కి తెలుసు. తెలిసే అన్నాడు.

సాయంత్రం, కంచె పక్కనే ఉన్న క్వార్టర్స్‌లో అత్తగారు నల్ల కళ్ళద్దాలతో డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఎనభై దాటాయి, నోటికి మాత్రం పాతికే. కొడుకు లారీ మీద నెలకి పాతిక రోజులు దూరదేశాలు తిరుగుతూంటాడు కాబట్టి, ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడానికీ కలిసి కూర్చోవడానికీ ఒకరికొకరే దిక్కు.

“ఏమే, మొహం అలా పెట్టావు? ఎవరి నెత్తిన మొట్టి వచ్చావు?”

“డైరెక్టర్ నెత్తిన, అత్తయ్యా.”

కోడలు చెప్పిందంతా విని ముసలావిడ కాసేపు గొణిగింది. “నీకెందుకే ఊళ్ళో గొడవలు? ఒక్క గీత గీకి పారేస్తే పోయేదానికి. నువ్వు కాపరానికి వచ్చిన కొత్తల్లోనూ ఇంతే. కుళాయి కారుతోందని నడిరాత్రి ఇంటిల్లిపాదినీ లేపావు.”

“కారింది కదా మరి.”

“కారిందనుకో!” అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుంది. “ఆ విమానంలో పెద్దాయన ఒక్కడేనా?”

“నూట అరవై మంది.”

“ఓసి నీ! ముందే చెప్పవేం? ఒక్కడే అనుకుని నీకు బుద్ధులు చెబుతున్నాను.” ఆవిడ కంచె వైపు చెయ్యి చాపింది. “మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి దింపినప్పట్నుంచీ కొత్త కన్నుతో ఆ బొమ్మే చూస్తున్నాను. అంత పొలం వేశాడు, పండించడానికి ఒక్క మనిషిని వెయ్యలేదు వెధవ. పెట్టకే సంతకం. ఆ షెడ్డులో నీకు తోడు కావాలంటే నేనొచ్చి కూర్చుంటాను.”

మర్నాడు తెల్లవారేసరికి మబ్బు టవర్ నెత్తిమీద కూర్చుంది. సరిగ్గా తొమ్మిదింటికి డైరెక్టర్ వచ్చాడు. ఈసారి చెవులక్కని పలకరించలేదు. తిన్నగా సహాయకుడి దగ్గరికి వెళ్ళి లాగ్ పుస్తకం తెరిచి ముందు పెట్టాడు.

“నీకూ అధికారం ఉందిగా. పెట్టు.”

సహాయకుడు పెన్ను తీసుకున్నాడు. చెవులక్క గోడకి ఆనుకుని నిలబడింది, అడ్డు రాలేదు. అతనికి ఇద్దరు పిల్లల చదువులున్నాయి, ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఆ సంగతులు ఆమెకి తెలుసు. పెన్ను కాగితానికి వేలెడు దూరంలో ఆగి, అలాగే ఉండిపోయింది.

“సార్,” అన్నాడు చివరికి. “మూడు రోజులు మీకు ఫోన్లో పచ్చ, పచ్చ అని చెప్పాను. ఇంకోసారి చెప్పడానికి నాకు నోరు రావట్లేదు.”

“మీ ఇద్దరూ కూడబలుక్కున్నారా?”

“లేదు సార్,” అంది చెవులక్క. ముందుకొచ్చి, సహాయకుడి చేతిలోంచి పెన్ను తీసి డైరెక్టర్ ముందు పెట్టింది. “ఇతన్నెందుకు? మీరే రాయండి. రేకులు ఉండగానే నేను స్విచ్ వెయ్యమన్నాను అని రాసి, కింద సంతకం, టైము. మరుక్షణం స్విచ్ నొక్కుతాను. నా చేత్తో నేనే నొక్కుతాను.”

డైరెక్టర్ పెన్ను వంక చూశాడు. పెన్ను అంటే చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన వస్తువే. తన పేరు తను రాసుకోవడం ఎంత కష్టమో మనిషికి ఎప్పుడో ఒకసారి గానీ తెలియదు.

ఫోన్ మోగింది. టవర్ నుంచి. పెద్ద విమానం యాభై నిమిషాల దూరంలో ఉంది. గ్లైడ్ పాత్ ఉంటుందా, ఉండదా? లేకపోతే ఇప్పుడే దారి మార్చుకుంటామంటున్నారు.

డైరెక్టర్ ఫోన్ అందుకుని, “ఉంటుంది. ముప్ఫై నిమిషాలు ఆగమనండి,” అన్నాడు. తర్వాత తన ఫోన్‌లో ఎవరికో అరిచాడు. “పీకెయ్యండి! మొత్తం! కొంగలూ లేదు, కొండలూ లేదు, పీకెయ్యండి!”

పీకింది గోడ వెనక ఉన్నవాళ్ళే. పెట్టిందీ వాళ్ళే కాబట్టి ఏ బోల్టు ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. గుడిసెల్లోంచి ఆడా మగా స్పానర్లతో, తాళ్ళతో పరిగెత్తుకొచ్చారు. పొలాలు దబదబా నేలకూలాయి. కొండల్ని నలుగురు మోసుకుపోయారు. కూలిన రేకులు అక్కడే పడేస్తే లాభం లేదని చెవులక్క వాన బురదలో నిలబడి కేకలేసింది. “కంచె అవతలికి! ఇంకా అవతలికి! అక్కడ కాదయ్యా బాబూ, ఆ గుంట దాటించు!” ముప్ఫై ఐదో నిమిషానికి నేల ఎప్పటిలా చదునుగా, ఖాళీగా ఉంది.

ఆమె స్విచ్ వేసింది. సంతకం మాత్రం అప్పుడే పెట్టలేదు. ముందుగా వస్తున్న, గ్లైడ్ పాత్‌ని నమ్ముకోకుండానే దిగగల చిన్న సరుకుల విమానం పైలట్‌ని ముల్లు గమనించి చెప్పమని టవర్ ద్వారా అడిగించింది. డైరెక్టర్ గడియారం చూసుకుంటూ గది చుట్టూ తిరిగాడు. కాసేపటికి జవాబొచ్చింది. ముల్లు కదల్లేదు, నేలని తాకేదాకా స్కేలుతో గీసినట్టుంది. అప్పుడు పెట్టింది సంతకం.

పెద్ద విమానం మబ్బు చీల్చుకుని, ఎక్కడుండాలో అక్కడ, ఎంత ఎత్తులో ఉండాలో అంత ఎత్తులో బయటపడింది. పెద్దాయనకి కిటికీలోంచి గుడిసెలూ, వాటి ముందు నిలబడి చేతులూపుతున్న జనమూ కనిపించే ఉంటాయి. ఆయన ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు.

ఉపన్యాసాలయ్యి, కార్లు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం రెండింటికి డైరెక్టర్ మళ్ళీ గదికి వచ్చాడు. చేతిలో రెండు కాగితాలు.

“గోడ ఎందుకు పీకారని పైనుంచి అడుగుతున్నారు,” అన్నాడు మెల్లగా. “ఇందులో పరికరంలో సాంకేతిక లోపం వచ్చిందనీ, సిబ్బంది గోడ పక్కకి తీసి వేళకి సరిచేశారనీ ఉంది. మీకే మంచి పేరు. సంతకం పెట్టండి, ఈ రెండోది చింపేస్తాను.” రెండోది స్టోర్స్‌కి బదిలీ ఉత్తర్వు.

చెవులక్క మొదటిది చదివింది. రెండోసారి కూడా చదివింది.

“నా పరికరానికి ఏ లోపమూ రాలేదు.”

“మాట వరసకి మేడమ్. ఎవరికి నష్టం?”

“రేపెవడైనా ఇంకో గోడ కడతాడు సార్. పాత కాగితాలు తీసి చూస్తాడు. గోడ వల్ల ఏమీ కాలేదు, పరికరమే చెడిందట అనుకుంటాడు. అప్పుడు నేనుండను, మీరూ ఉండరు. ఈ కాగితం ఉంటుంది.”

ఆమె లాగ్ పుస్తకం తెరిచి, నిలబడే రాసింది. రేకుల గోడ పొడవు, ఎత్తు, స్తంభం నుంచి దూరం. ఎవరి ఆదేశంతో ఎప్పుడు కట్టారో, ఎప్పుడు తీశారో. పరికరం మొదటినుంచి చివరిదాకా సక్రమంగా ఉందని ఆఖరి వాక్యం. ఆ వాక్యం కింద గీత గీసింది. అలా గీయడం నియమాల్లో లేదు.

“ఎనిమిది నెలలు ఆ షెడ్డులో పాత సామాన్లు సర్దుకుంటూ కూర్చుంటారన్నమాట!”

“సర్దుతాను సార్. చెడినవి ఒక పక్క, బాగున్నవి ఒక పక్క. రెంటికీ ఒకటే చీటీ మాత్రం అంటించను.”

“మేడమ్, ఒక్క నిమిషం ఆగండి. పోనీ లోపం అన్న మాట తీసేసి ఇంకేదైనా…”

చెవులక్క రెండో కాగితం అతని చేతిలోంచి తనే తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, రెయిన్‌కోటు జేబులో పెట్టుకుంది. సహాయకుడు లేచి నిలబడ్డాడు. డైరెక్టర్ ఇంకా కొత్త వాక్యం వెతుకుతూనే ఉన్నాడు. ఆమె గుమ్మం దాటింది. వస్తానని అనలేదు, వెళ్తున్నానని అనలేదు, వెనక్కి చూడలేదు. వాన వెలిసింది. రన్‌వే పక్క రోడ్డు పట్టుకుని, రెండో చివరనున్న షెడ్డు వైపు, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నడిచి వెళ్ళిపోయింది.